దీవుల తాబేళ్లును మన గృహనిర్వాహకత్వమును

ధ్యాన భాగములు: ఆదికాండము 2:15, ఆదికాండము 9:8-17, 1 కొరింథీయులకు 4:2



పల్లెలనుండి హైదరాబాదు చూడబోవు మనవారు చార్మినారును చూచి, అక్కడనుండి బహదూరుపురాలోని జంతుప్రదర్శనశాలకు వెళ్లుట వాడుక. పాతబస్తీలో మీర్ ఆలం చెరువు ప్రక్కనున్న ఆ తోటకు నెహ్రూ జూలాజికల్ పార్కు అని పేరు. అది 1959 అక్టోబరు 26న స్థాపింపబడి, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరువబడెను. పిల్లలు సింహమును, పులిని, ఏనుగును చూచుటకు పరుగెత్తుదురు. అయితే 2024 మార్చి 16న ఆ తోటలో ఒక జీవి చనిపోయినప్పుడు ఆ సంగతి దేశమందలి పత్రికలలో వచ్చెను. అది సింహము కాదు, పులి కాదు; ఒక తాబేలు. గలాపగోస్ జాతి పెద్ద తాబేలని దానిని పిలిచిరి. దాని వయస్సు సుమారు 125 ఏండ్లని జూ అధికారులు చెప్పిరి. కొన్ని దినములు మేత ముట్టక, వృద్ధాప్యమువలన అది ప్రాణము విడిచెను.

ఆ వయస్సును కొంచెము ఆలోచింపుడి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దినములలో అది పుట్టియుండవలెను. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచినప్పుడు అది పిల్ల. 1948లో నిజాము రాజ్యము భారతదేశములో కలిసినప్పుడు అది నడివయస్సుకు వచ్చుచున్నది. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడెను, 2014లో తెలంగాణ ఏర్పడెను. అది ఇంకను బ్రదికియే యుండెను. మొదట నాంపల్లిలోని బాగెఆం తోటలో ఉన్న ఆ తాబేలును 1963లో క్రొత్త జంతుప్రదర్శనశాలకు తెచ్చిరి. రాజులు మారిరి, జెండాలు మారెను, నాణెములు మారెను. అయినను దానికి మేత వేయు చేయి ఒకటి ఎప్పుడును ఉండెను. ఒక కాపరి ముసలివాడై పని మానుకొనగా మరియొకడు ఆ గంపను అందుకొనెను. వారి పేర్లు ఏ పత్రికలోను రాలేదు. అయినను వారు నమ్మకముగా చేయకపోయినయెడల ఆ జీవి అన్ని ఏండ్లు బ్రదుకునా?

మోషే ప్రార్థనయైన 90వ కీర్తనలో మనుష్యుని ఆయుష్షు డెబ్బది ఏండ్లనియు, బలముండినయెడల ఎనుబది ఏండ్లనియు మనము చదువుచున్నాము. అట్లయిన 125 ఏండ్లు బ్రదుకు జీవిని ఏ ఒక్క మనుష్యుడును మొదటినుండి చివరవరకు కాచలేడు. తనకు ముందున్నవాని చేతినుండి అందుకొని, తన తరువాతివాని చేతికి అందింపవలెను. గృహనిర్వాహకత్వమనగా ఇదియే. ఈ మాసము ఈ సంగతిని వాక్యపు వెలుగులో ధ్యానింతము.

1. అప్పగింపబడినది, అమ్మబడినది కాదు

ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు నరునికి సముద్రపు చేపలమీదను ఆకాశ పక్షులమీదను నేలమీద ప్రాకు ప్రతి జీవిమీదను అధికారమిచ్చెను. ఈ వాక్యమును చేతపట్టుకొని, “అంతయు మనదే, మన యిష్టము” అనువారు కొందరు కలరు. వారు రెండవ అధ్యాయమువరకు చదువలేదు. అక్కడ దేవుడు ఆదామును తోటలో ఉంచినది రెండు పనులకు: ఆ నేలను సేద్యము చేయుటకు, ఆ తోటను కాచుటకు. సేద్యము మాత్రమే చేసి కావలి మానినవాడు సగము పనివాడే.

మన పల్లెలలో కౌలు రైతును అందరును ఎరుగుదురు. అతడు పొలము దున్నును, విత్తును, కోయును. పంట అతనిది, దానిని అనుభవించుటకు అతనికి హక్కు కలదు. అయితే ఆ పొలపు గట్టుమీదనున్న మామిడిచెట్టును నరికి అమ్ముకొనుటకు అతనికి హక్కు లేదు. పైమన్ను తవ్వి ఇటుకల బట్టీకి తోలుటకు హక్కు లేదు. ఎందుకనగా భూస్వామి ఒకనాడు వచ్చి, “నేనిచ్చినప్పుడు పొలము ఎట్లుండెను? ఇప్పుడు ఎట్లున్నది?” అని అడుగును. 24వ కీర్తన మొదటి వచనము చదువుడి. భూమియు దానిలోనున్నదంతయు ఎవరివో అక్కడ తెలియును. మనము కౌలుదారులము. యజమానుడు వేరుగా ఉన్నాడు.

ఇంకొక సంగతి. జలప్రళయము తరువాత నోవహుతో దేవుడు చేసిన నిబంధనను మనము ఇంద్రధనుస్సు చూచినప్పుడెల్ల జ్ఞాపకము చేసికొందుము. ఆ నిబంధన ఎవరితో చేయబడెను? నోవహుతోను అతని సంతానముతోను మాత్రమేనా? ఆదికాండము 9వ అధ్యాయము తెరచి చూడుడి. ఓడలోనుండి బయటికి వచ్చిన పక్షులు, పశువులు, అడవి మృగములు, వీటన్నిటితోను ఆ నిబంధన చేయబడెను. ఒకటి రెండుసార్లు కాదు, మాటిమాటికి దేవుడు ఆ సంగతి చెప్పెను. మన దేవునితో నిబంధనలోనున్న జీవులను మనము తేలికగా ఎంచవచ్చునా?

2. దీవులలో జరిగిన లెక్క

హైదరాబాదు తాబేలు జాతికి పేరు తెచ్చిన గలాపగోస్ దీవులు దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమునకు చెందినవి. పసిఫిక్ మహాసముద్రములో తీరమునుండి సుమారు 1000 కిలోమీటర్ల దూరమున నున్నవి. వాటిని మొదట చూచి వ్రాసినవాడు ఒక సంఘాధ్యక్షుడు. పనామా బిషప్పైన టోమాస్ ద బెర్లాంగా 1535లో పెరూ దేశమునకు ఓడలో పోవుచుండగా గాలి ఆగిపోయి, సముద్రపు ప్రవాహము ఓడను కొట్టుకొనిపోయి, మార్చి 10న ఆ దీవుల యొద్దకు చేర్చెను. త్రాగుటకు నీళ్లు లేవు. దాహమునకు మనుష్యులు ఇద్దరు, గుఱ్ఱములు పది చనిపోయినవి. జెముడు మట్టలను పిండి ఆ రసము త్రాగిరి. ఆరాధన జరిపిన తరువాత మరల వెదకగా ఒక లోయలో నీళ్లు దొరకెను. ఆయన తన రాజునకు వ్రాసిన లేఖలో, మనుష్యుని వీపుమీద మోయగలిగినంత పెద్ద తాబేళ్లను గూర్చియు, చేతితో పట్టుకొనినను పారిపోవుట యెరుగని పక్షులను గూర్చియు చెప్పెను.

పారిపోవుట యెరుగని జీవులు! మనుష్యుని భయము వాటికింకను తెలియదు. ఆ నమ్మకమునకు మనుష్యుడు ఏమి ప్రతిఫలమిచ్చెను? తరువాతి కాలములో సముద్రపు దొంగలును తిమింగలముల వేటగాండ్రును ఆ దీవులకు వచ్చిరి. పెద్ద తాబేలు మేత, నీళ్లు లేకయే నెలల తరబడి బ్రదుకగలదు. తరతరములకు జీవించుటకు దేవుడు దానికిచ్చిన ఆ ఓర్పే దానికి ఉరియైనది. ఓడ అడుగుభాగములో వాటిని బోర్లగా ఒకదానిమీద ఒకటి పేర్చి, కావలసినప్పుడెల్ల కోసికొని తినిరి. ఆ దీవులనుండి ఇట్లు తీసికొనిపోబడిన తాబేళ్లు లక్షకు పైగా నుండునని ఎరిగినవారు అంచనా వేయుచున్నారు.

ఒక్కొక్క దీవిలో ఒక్కొక్క విధమైన తాబేలు ఉండెను. పచ్చగడ్డి గల దీవిలోని తాబేలు డిప్ప గుమ్మటమువలె గుండ్రముగా నుండును. ఎండిన దీవిలోని దాని డిప్ప ముందు భాగము జీనువలె పైకి లేచి, పొడుగైన మెడ చాచి ఎత్తుననున్న జెముడును అందుకొనుటకు వీలుగా నుండును. 1835లో చార్లెస్ డార్విన్ అక్కడికి వెళ్లినప్పుడు, తాబేలును చూచి అది ఏ దీవిదో చెప్పగలనని అక్కడి ఉపపాలకుడు ఆయనతో అనెను. ఎండిన దీవికి తగిన మెడ, పచ్చని దీవికి తగిన డిప్ప! 104వ కీర్తనలో ఏ జీవికి ఏది కావలెనో ఎరిగి తగిన కాలమున ఆహారమిచ్చు దేవునిగూర్చి చదువుచున్నాము. ఆ దేవుని జ్ఞానము ఒక డిప్ప వంపులో కనబడుచున్నది.

ఇక మన తెలుగువారు ఎరిగిన మరియొక దీవికి వత్తము. గోదావరి జిల్లాలోని కోరంగి రేవునుండి 19వ శతాబ్దములో మన జనులు చెరకుతోటల కూలికి మారిషస్ దీవికి ఓడలెక్కిరి. వారి సంతానము నేటికిని అక్కడ తెలుగును మరువక యున్నది. వారు అక్కడ అడుగుపెట్టునాటికి మారిషస్ నేలలో ఒకప్పుడు నిండియుండిన పెద్ద తాబేళ్లు దాదాపు మాయమైపోయెను. ప్రక్కనున్న రోడ్రిగ్స్ దీవిలో సంగతి మరింత విచారకరము. ఫ్రాన్సు దేశములో విశ్వాసము నిమిత్తము హింసింపబడిన హ్యూగెనాట్ ప్రొటెస్టంటులలో ఫ్రాన్స్వా లెగా అనునతడు ఒకడు. అతడు కొందరితో కలిసి 1691లో ఆ దీవికి చేరి రెండేండ్లు నివసించెను. అక్కడ తాబేళ్లు మందలుగా గుమికూడినప్పుడు నేలమీద కాలు పెట్టకయే వాటి వీపులమీద నూరడుగులకు పైగా నడిచిపోవచ్చునని అతడు వ్రాసెను. తరువాత ఓడలవారు వాటిని వేలకొలది ఎక్కించుకొనిపోయిరి. సుమారు నూరేండ్లలో ఆ దీవిలో ఒక్క తాబేలును మిగులలేదు.

నూరేండ్లు! హైదరాబాదులో ఒక్క తాబేలు బ్రదికిన కాలముకంటె తక్కువలో ఒక దీవి తాబేళ్లన్నియు నశించెను. ఇది మన లెక్క, సహోదరులారా. లూకా 16వ అధ్యాయములో యజమానుడు గృహనిర్వాహకుని పిలిచి లెక్క యడుగుటను చదువునప్పుడు, అది డబ్బు లెక్క మాత్రమేయని అనుకొనవద్దు.

3. మూడు మేకలు

గలాపగోస్‌లో పింటా అని ఒక చిన్న దీవి కలదు. 1959లో జాలరులు కొందరు తమకు మాంసము కావలెనని ఆ దీవిలో మూడు మేకలను విడిచిరని చెప్పుదురు. మేక చెడ్డది కాదు. మన పల్లెలలో బీదవానికి మేకయే బ్యాంకు. అయితే మేక మన కంచెలోకి దూరిననాడు ఏమగునో ఎరుగనివారు మనలో లేరు. ఆ దీవిలో కంచె లేదు, కాపరి లేడు, తోడేలు లేదు. కొన్ని ఏండ్లలో ఆ మూడు వేలాది మేకలాయెను. అవి పచ్చనిదంతయు తినివేయగా తాబేలుకు మేత లేకపోయెను.

1971లో ఒక శాస్త్రవేత్త ఆ దీవిలో ఒకే ఒక తాబేలును చూచెను. పింటా తాబేళ్లు అప్పటికే నశించెనని అందరును అనుకొనుచుండిరి. దానికి ఏకాకి జార్జి అని పేరు పెట్టి, 1972లో మరియొక దీవికి తెచ్చి నలుబది ఏండ్లు కాచిరి. దానికి జత దొరకునేమోయని లోకమంతట వెదకిరి, దొరకలేదు. దగ్గరి జాతి ఆడ తాబేళ్లను దానితో ఉంచిరి. గ్రుడ్లు పెట్టినను పిల్లలు కాలేదు. 2012 జూన్ 24న జార్జి చనిపోయెను. ఆ దినమున దేవుడు చేసిన ఒక జాతి భూమిమీద లేకపోయెను.

పాపమును గూర్చి ఇంతకంటె తేటయైన పాఠము కావలెనా? ఆ జాలరులు తాబేలును ద్వేషించి ఆ పని చేయలేదు. తరువాత ఏమగునో ఆలోచింపలేదు, అంతే. మూడు చిన్న మేకలు! మన ఇండ్లలోకి మనము విడిచిపెట్టు చిన్న అలవాట్లు, చిన్న అబద్ధములు, సంఘములోకి రానిచ్చు చిన్న కక్షలు కంచె లేని చోట ఇట్లే పెరుగును. దిద్దుకొనుటకు సమయము గతించిపోవుట అనునది ఒకటి కలదు. అందుచేతనే హెబ్రీ పత్రికలో “నేడు” అను మాట అంత గట్టిగా చెప్పబడినది.

4. పదునైదు తాబేళ్లు

అయితే మన దేవుడు తీర్పు మాత్రమే చెప్పి ఊరకుండువాడు కాడు. పాడైనదానిని మరల కట్టువాడు. అదే గలాపగోస్‌లో ఎస్పన్యోలా అను మరియొక దీవి కలదు. అక్కడ వెదకగా వెదకగా 14 తాబేళ్లు మాత్రమే దొరకెను. వాటిలో ఆడవి 12, మగవి 2. అవి దీవిలో ఎంత దూరదూరముగా చెదరియుండెననగా ఒకదానికొకటి ఎదురుపడుట కూడ అరుదు. వాటిని ఒకచోట చేర్చి కాచిరి. ఎన్నో ఏండ్ల క్రిందట ఆ దీవినుండి కొనిపోబడిన ఒక మగ తాబేలు అమెరికాలోని శాన్‌డియాగో జంతుప్రదర్శనశాలలో ఉన్నదని తెలిసి, దానిని తిరిగి తెచ్చిరి. దానికి డియాగో అని పేరు. అది పదునైదవది. దీవిమీది మేకలను 1978 నాటికి తీసివేసిరి. ఆ పదునైదింటికి పుట్టిన పిల్లలను పెంచి విడువగా, అవి సుమారు రెండు వేలాయెను. 2020 జూనులో ఆ పదునైదు పెద్ద తాబేళ్లను వాటి సొంత దీవికి తిరిగి తీసికొనిపోయి విడిచిరి.

ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది: శేషము. యెషయా ప్రవక్త మాటిమాటికి చెప్పిన శేషము ఇదియే. దేవుడు చాలమందితో కాదు, మిగిలిన కొద్దిమందితో పని ప్రారంభించును. మీ సంఘములో ఆదివారమునకు పదునైదుగురే వచ్చుచున్నారని దిగులుపడకుడి. రెండవది: దూరదేశపు తోటలో తెలియని కాపరులు మేత వేసి కాచిన ఒక్క తాబేలు ఒక దీవికి జీవము తెచ్చెను. ఆ కాపరులకు ఆ సంగతి ముందుగా తెలిసియుండదు. ఈ దినమున ఈ గంపెడు మేత వేయుట నా పని అని మాత్రమే వారు ఎరుగుదురు. నమ్మకముగా చేసిన చిన్న పనిని దేవుడు ఎక్కడ వాడుకొనునో మనకు తెలియదు.

5. మన ఊరి తాబేలు

“దూరపు దీవుల సంగతి మాకెందుకు?” అని ఒకరు అడుగవచ్చును. మనకును తాబేలు కలదు. రాయలసీమ మెట్ట పొలములలోను ముండ్లపొదలలోను నల్లని డిప్పమీద పసుపుపచ్చని గీతలు నక్షత్రములవలె ప్రకాశించు చిన్న తాబేలును గొఱ్ఱెల కాపరులు ఎరుగుదురు. దానిని నక్షత్ర తాబేలందురు. దాని అందమే దానికి శత్రువైనది. ఇంటిలో తాబేలునుంచిన ధనము కలిసివచ్చునని నమ్మి కొందరు కొందురు. ముచ్చటకు పెంచుకొనుటకు విదేశములవారు కొందురు. అందుచేత దొంగ వర్తకులు పల్లెలకు మనుష్యులను పంపి, కొద్ది డబ్బిచ్చి ఏరించి, సంచులలోను పెట్టెలలోను కుక్కి తరలింతురు. త్రోవలో చచ్చునవి ఎన్నో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వాటిని పట్టుట, అమ్ముట నేరము. 2019లో దేశముల మధ్య వాటి వర్తకమును కూడ నిషేధించిరి.

ఇక్కడ మన విశ్వాసము పరీక్షింపబడును. అదృష్టము తాబేలు డిప్పలో లేదు. మన కాలములు దేవుని చేతిలో ఉన్నవి. కనుక క్రైస్తవుని ఇంటిలో కలిసివచ్చుటకని తాబేలు ఉండకూడదు. పిల్లలు పొలమునుండి ముచ్చటపడి తెచ్చినయెడల, వారిని కొట్టక, వారి చేతనే దొరకిన చోట విడిపింపుడి. అది వారికి సండేస్కూలు పాఠమంత మేలు. పట్టించుకొనిపోవు వర్తకుడు ఊరికి వచ్చినయెడల అటవీశాఖవారికి తెలియజేయుడి.

అయితే బీదవాని సంగతి ఏమి? కరవు ఏడు, పని లేదు, ఇంటిలో బిడ్డకు జ్వరము. వర్తకుడు నాలుగు నోట్లు చూపుచున్నాడు. ఆ సహోదరునికి “చట్టము, పాపము” అని చెప్పి మనము ఇంటికి పోయి అన్నము తినుట న్యాయమా? కాదు. సంఘమునకు కానుకల పెట్టె ఎందుకున్నది? ఆ రాత్రి ఆ బిడ్డకు మందు కొనియిచ్చిన సంఘమే ఆ మరుసటి ఉదయము ఆ తండ్రితో “తాబేలును విడువుము” అని చెప్పుటకు అర్హత గలది. మనుష్యునిమీద జాలి, జంతువుమీద జాలి ఒకదానికొకటి విరోధము కావు. యోనా గ్రంథపు కడపటి మాట చదువుడి. నీనెవెలోని నూట ఇరువది వేలకంటె ఎక్కువైన ప్రజలతోకూడ అక్కడి పశువులను కూడ దేవుడు తన జాలిలో లెక్కించెను.

మన ప్రభువు పిచ్చుకలకంటె మీరు శ్రేష్ఠులని శిష్యులతో చెప్పెను. దానినిబట్టి పిచ్చుకకు విలువ లేదని తలంచువారు ఆ మాటను తలక్రిందులు చేయుచున్నారు. పిచ్చుక మీద తండ్రికి లక్ష్యము లేనియెడల ఆ మాటలో మనకు ధైర్యమేమున్నది? చవుకగా అమ్మబడు పిచ్చుకను కూడ తండ్రి మరువడు గనుకనే, నిన్ను మరువడని మనము నమ్ముచున్నాము. చిన్న జీవిని తండ్రి చూచుచున్నాడనుటయే మన ఆదరణకు పునాది.

ప్రియులారా, ఆ హైదరాబాదు తాబేలు ఇక లేదు. అయితే అది మనకొక ప్రశ్న విడిచిపోయెను: నీకంటె ఎక్కువ కాలముండవలసిన దేనిని నీవు కాచుచున్నావు? నీవు నాటిన చింతచెట్టు నీడలో నీవు కూర్చుండకపోవచ్చును. నీవు పూడిక తీసిన చెరువు నీళ్లు నీ మనుమల పొలమునకు పారవచ్చును. నీవు నేర్పిన ప్రార్థనను నీవు చూడని నోళ్లు పలుకవచ్చును. తరముల తరబడి నిలుచు సువార్తను కూడ మనము ఇట్లే చేతినుండి చేతికి అందుకొంటిమి. గృహనిర్వాహకునియందు వెదకబడునది గొప్పతనము కాదు, నమ్మకత్వము. తన వంతు వచ్చినప్పుడు గంపను అందుకొని, ఆ దినపు మేత వేసి, తరువాతివానికి అందించువాడు ధన్యుడు.

పరలోకమందున్న మా తండ్రీ, దీవులును వాటిలోని సమస్తమును నీవి. మేము పాడుచేసినదానిని బట్టి మమ్మును క్షమించుము. మిగిలియున్న కొంచెమును నమ్మకముగా కాచు మనస్సు మాకు దయచేయుము. బీదవానికి చేయి చాపు సంఘముగా మమ్మును నిలుపుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.